పేగుల్లో బాక్టీరియాకీ బీపీకీ సంబంధం నిజమేనా? అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి

నాగావళి గట్టు:
అందరికీ నమస్కారం. మాది ఆమదాలవలస దగ్గర. నాన్నగారికి 64 ఏళ్ళు, మాత్ర వేసుకుంటున్నా పై బీపీ 150 కిందకి దిగట్లేదు. పేగుల్లో మంచి బాక్టీరియా తగ్గితే బీపీ పెరుగుతుందని, ప్రోబయోటిక్ క్యాప్సూల్స్ వేయించమని విశాఖలో ఉన్న మా బావగారు ఒకటే పోరు. అవి పనిచేస్తాయా? అలాగే బీపీ మాత్ర పొద్దున్న మంచిదా, రాత్రి మంచిదా?

చోడంబలి:
క్యాప్సూల్ ఎందుకండీ బాబూ! పొద్దున్నే చోడి (రాగి) అంబలి, లేదంటే తరవాణి (అన్నం పులిసిన నీళ్ళు) పోసిన చద్దన్నం. మా అమ్మ పుట్టి బుద్ధెరిగిన కాడి నుంచీ అదే తింటాది. ఎనభైకి దగ్గరైంది, ఇప్పటికీ బీపీ 130 దాటలేదు, పొలం గట్టు మీద నాకంటే జోరుగా నడుస్తాది. ఆ బాక్టీరియా ఏదో మా తరవాణి కుండలోనే ఉంది. డబ్బులు పోసి కొనుక్కోవడం ఏటి?

ల్యాబ్ మాస్టారు:
నా ఉద్యోగమంతా మైక్రోబయాలజీ ల్యాబ్‌లోనే గడిచింది. ఈ గుంపులో నాకంటే ఎక్కువ కల్చర్ ప్లేట్లు చూసినవాళ్ళు ఉంటారనుకోను, కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి. మనకి అరగని పీచుని పెద్దపేగులో బాక్టీరియా పులియబెడితే అసిటేట్, ప్రొపియొనేట్, బ్యుటిరేట్ అనే చిన్న కొవ్వు ఆమ్లాలు పుడతాయి. అవి రక్తంలోకి చేరి రక్తనాళాల మీదా, మూత్రపిండాల మీదా పనిచేస్తాయి. అధిక బీపీ ఉన్న మనుషుల మలంలోని సూక్ష్మజీవుల్ని ఏ క్రిమీ లేకుండా పెంచిన ఎలుకల్లోకి ఎక్కిస్తే ఆ ఎలుకల బీపీ పెరిగిందని 2017లో చైనావాళ్ళు చూపించారు. అదే ఏడాది జర్మనీ వాళ్ళ పరిశోధన ఇంకోటి వచ్చింది. ఎక్కువ ఉప్పు పెడితే ఎలుకల పేగుల్లో లాక్టోబాసిల్లస్ పడిపోయింది. 12 మంది ఆరోగ్యవంతులైన మగవాళ్ళకి రోజూ 6 గ్రాముల ఉప్పు అదనంగా 14 రోజులు ఇచ్చి చూస్తే వాళ్ళలోనూ ఆ బాక్టీరియా తగ్గింది, బీపీ పెరిగింది. అంటే సంబంధం ఉంది. కానీ 12 మందిని చూసి మందు రాయకూడదు.

బొబ్బిలి కోడలు:
మాస్టారూ, ఆ ఉప్పు మాట ఇంకాస్త గట్టిగా చెప్పండి. చద్దన్నం, చద్దన్నం అంటారు గానీ ఒట్టి చద్దన్నం ఎవరు తింటారండీ? పక్కన ఆవకాయ బద్ద, ఊరమిరపకాయలు, ఎండు నెత్తళ్ళు. మా మామగారు అలాగే తిని అలాగే పక్షవాతంతో మంచాన పడ్డారు. రోజుకి 5 గ్రాముల లోపు ఉప్పు అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది, అంటే టీ చెంచాడు లోపే. మన భోజనంలో అది ఆవకాయతోనే సగం అయిపోతుంది. మంచిది తింటున్నామన్న ధైర్యంతో ఉప్పు లెక్క చూసుకోరు, అదీ నా బాధ.

చోడంబలి:
మా అమ్మ ఉల్లిపాయ ముక్కతో తింటాదమ్మా. మీ మామగారు ఆవకాయ తింటే తప్పు చద్దన్నానిదా? తాతల కాలం తిండిని తప్పుపట్టడం ఇప్పుడో అలవాటైపోయింది.

బొబ్బిలి కోడలు:
తిండిని అనలేదు, ఉప్పుని అన్నాను. మళ్ళీ చదవండి. మంచం పట్టిన మనిషికి చాకిరీ చేసింది నేను, మీరు కాదు.

పలాస పిక్క:
ఒక చిన్న సంగతి. ఆకుకూరల్లోని నైట్రేట్‌ని నాలుక మీది బాక్టీరియా నైట్రైట్‌గా మారుస్తుంది, దాని వల్ల రక్తనాళాలు సడలుతాయి. క్రిముల్ని చంపే మౌత్‌వాష్ రోజూ పుక్కిలిస్తే అది పోతుంది, బీపీ కొంచెం పెరగొచ్చు కూడా. మీ నాన్నగారు వాడుతున్నారేమో అడగండి.

విజీనారం కోట:
ఉప్పు గొడవ తేల్చడం చాలా సులువు. తక్కువ సోడియం ఉప్పు కొనండి. చైనాలో 600 ఊళ్ళలో 20 వేల పైచిలుకు మంది మీద పరీక్షించి 2021లో ఫలితం ప్రకటించారు. మామూలు ఉప్పులో నాలుగో వంతు పొటాషియం క్లోరైడ్ కలిపి వాడినవాళ్ళకి పక్షవాతాలు తగ్గాయి. మా ఇంట్లో అదే. రుచిలో తేడా ఎవరూ పట్టలేదు.

కవిటి కొబ్బరి:
ఆగండి మహానుభావా! ఇది కిడ్నీ జబ్బులు ఎక్కువున్న శ్రీకాకుళం జిల్లా వాళ్ళు చదివే చోటు. కిడ్నీ దెబ్బతిన్న మనిషి ఒంట్లోంచి పొటాషియం సరిగా బయటికి పోదు. అది మరీ పెరిగితే గుండె ఆగిపోవచ్చు. మీరు చెప్పిన చైనా పరీక్షలో కూడా తీవ్రమైన కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళని చేర్చుకోలేదు, ఆ ముక్క ఎందుకు వదిలేశారు? పైగా టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటి బీపీ మాత్రలు కూడా పొటాషియం పెంచేవే.

విజీనారం కోట:
ఆయనకి కిడ్నీ జబ్బని ఎవరన్నారండీ? ఏ చర్చ మొదలైనా ఆ కిడ్నీ జబ్బుల ఉద్దానం ప్రాంతాన్ని తెచ్చి పెడతారు. ఆమదాలవలస ఉద్దానం కాదు.

కవిటి కొబ్బరి:
తెస్తాం. ఇచ్ఛాపురం నుంచి వజ్రపుకొత్తూరు దాకా మా మండలాల్లో కిడ్నీ పోయినవాళ్ళలో చాలామందికి అంతకు ముందు షుగరూ లేదు, బీపీ లేదు. కాళ్ళు వాచి, ఆకలి చచ్చి, ఆసుపత్రికి వెళ్ళేసరికే ఆలస్యమైపోయింది. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి 2023లో తెరిచారు, ఊరికే కట్టలేదు కదా. మా అన్నయ్య డయాలసిస్‌కి వెళ్ళొచ్చేటప్పుడు ఎలా ఉంటాడో చూసినవాడెవడూ పరీక్ష చేయించకుండా పొటాషియం ఉప్పు వాడమని చెప్పడు.

విజీనారం కోట:
సరే. ముందు క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే రక్తపరీక్ష), పొటాషియం చూపించుకుని, డాక్టర్ని అడిగి వాడమంటాను. కానీ కిడ్నీలు బాగున్నవాళ్ళకి అది మేలే, ఆ మాట మాత్రం వెనక్కి తీసుకోను.

ల్యాబ్ మాస్టారు:
అడిగింది క్యాప్సూల్స్ గురించి. ప్రోబయోటిక్స్ మీద జరిగిన 9 పరీక్షల్ని 2014లో కలిపి చూస్తే పై బీపీ సుమారు మూడున్నర పాయింట్లు తగ్గింది, అదీ 8 వారాలు, అంతకంటే ఎక్కువ వాడినప్పుడు. 150లో మూడు తగ్గితే ఏం ఒరుగుతుంది? ఆ డబ్బు ఉలవలకీ, పెసలకీ, కూరలకీ పెట్టండి. పీచు లేకుండా బాక్టీరియాని మింగితే అవి పేగుల్లో నిలవకపోవచ్చు. ఇక మాత్ర ఏ పూటన్నది: బ్రిటన్‌లో 21 వేల మంది మీద చేసి 2022లో ప్రకటించారు, పొద్దున్నైనా రాత్రైనా గుండెపోటు, పక్షవాతాల్లో తేడా లేదు. మరిచిపోని పూట వేయించండి. మీ డాక్టరు ఫలానా పూటే అని చెప్పి ఉంటే అది వేరు.

కవిటి కొబ్బరి:
మోకాళ్ళ నొప్పులకి మెడికల్ షాపులో మాత్రలు కొంటున్నారా అని అడగండి ముందు. డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ బీపీని పెంచుతాయి, బీపీ మాత్రని సరిగా పనిచేయనివ్వవు, కిడ్నీల్నీ తింటాయి.

నాగావళి గట్టు:
అమ్మని అడిగాను. సంత రోజున షాపు నుంచి పచ్చ మాత్రలు తెచ్చుకుంటున్నారట, మాకెవరికీ తెలీదు. రేపే డాక్టరుగారికి చూపిస్తాను, క్రియాటినిన్ కూడా చేయిస్తాను. కవిటి అన్నయ్యా, చాలా సాయం చేశారు.

బొబ్బిలి కోడలు:
చోడంబలి గారూ, కోపం వద్దు గానీ, మీ అమ్మగారు అంబలి ఎలా చేస్తారో రాయండి. మా ఇంట్లో పులవట్లేదు, చోళ్ళు మాత్రం బాగానే దొరుకుతున్నాయి.

చోడంబలి:
కోపమేటి తల్లీ. చోడిపిండి నీళ్ళలో జారుగా కలిపి మట్టి దాకలో రాత్రంతా వదిలెయ్యండి. చలికాలం పొయ్యి దగ్గర పెట్టాలి, మీకు పులవకపోవడానికి అదే కారణమై ఉంటాది. పొద్దున్న గుప్పెడు నూకలు మెత్తగా ఉడికించి, ఆ పులిసిన పిండి పోసి, అడుగంటకుండా తిప్పుతూ ఉడకనివ్వండి. బాగా చల్లారాక మజ్జిగ పొయ్యండి. ఉప్పు వెయ్యొద్దు, పులుపే సరిపోతాది. మొదట్లో చప్పగా ఉందంటారు, నాలుగు రోజులు పోతే అలవాటు పడిపోతారు.