జమాఅత్‌లో (సామూహిక నమాజ్‌లో) పిల్లల్ని ఏ సఫ్‌లో (వరుసలో) నిలబెట్టాలి?

గుంటూరు గల్లీ:
అస్సలాము అలైకుం. పొద్దున్నుంచీ వెతుకుతున్నా. ఒకరు వెనక సఫ్ అంటారు, ఒకరు పెద్దల మధ్యే పెట్టమంటారు. తరావీహ్‌లో (రంజాన్ రాత్రి నమాజ్‌లో) రోజూ ఇదే గొడవ. ఎక్కడ నిలబెట్టాలో ఒక్క ముక్కలో చెప్పండి బాబూ.

చార్ రకాత్:
వయసెంత? ఎంతమంది? ఏ ధర్మశాస్త్ర పద్ధతి, హనఫీలా, షాఫయీలా?

నెల్లూరు నమాజీ:
సఫ్ సంగతి తర్వాత. డైపర్ పిల్లల్ని తెస్తున్నారు చూడండి, ముందు దాన్ని ఆపాలి. నజాసత్ (మలమూత్రాల అశుద్ధం) ఉన్న డైపర్‌తో బిడ్డను చంకనెత్తుకుంటే ఎత్తుకున్నవాడి నమాజే సందేహంలో పడుతుంది. ఇఖామత్‌కి (నమాజ్ మొదలయ్యే ముందు ఇచ్చే పిలుపుకి) ముందే మార్చాలి. ఇది ఎవరూ మాట్లాడరు.

బర్కస్ వాలా:
ప్రవక్త (స) తన మనవరాలు ఉమామాను ఎత్తుకునే నమాజ్ చేయించారు, సజ్దాకి (సాష్టాంగానికి) వెళ్లేటప్పుడు దించి, లేచేటప్పుడు ఎత్తుకున్నారు. బిడ్డ పాక్‌గా (శుద్ధంగా) ఉంటే చాలు. అడిగింది అది కాదుగా.

హనఫీ పద్ధతిలో ముందు మగవాళ్లు, వెనక మగపిల్లలు, ఆ వెనక ఆడవాళ్లు. పిల్లవాడు ఒక్కడే అయితే పెద్దల సఫ్‌లోనే. మా షాఫయీల్లోనూ క్రమం అదే, కాకపోతే పెద్దల సఫ్‌లో ఖాళీ ఉంటే పిల్లలతో నింపుతాం, ముందొచ్చిన పిల్లల్ని లేపి వెనక్కి పంపం.

చార్ రకాత్:
మధ్యలో పిల్లాడుంటే సఫ్ తెగుతుంది. నమాజ్ పోతుంది.

బర్కస్ వాలా:
పోదు. మక్రూహ్ (చేయకుంటే మంచిది) వేరు, ఫాసిద్ (చెల్లకుండా పోవడం) వేరు. పైగా బుద్ధి తెలిసిన పిల్లాడితో సఫ్ తెగనే తెగదు. ప్రవక్త (స) పినతండ్రి కొడుకు ఇబ్నె అబ్బాస్ (ర) బాలిగ్ కాకముందే (యుక్తవయసు రాకముందే) మక్కా దగ్గరి మినాలో సఫ్‌లో చేరారు, ఎవరూ తప్పుపట్టలేదు.

చార్ రకాత్:
మరి నాలుగేళ్లవాడు?

బర్కస్ వాలా:
వాణ్ణి సఫ్ చివర, తండ్రి పక్కన. మధ్యలో పెడితే రెండో రకాత్‌కల్లా (నమాజ్ రెండో ఆవృతికల్లా) పరిగెత్తుతాడు, అక్కడ ఖాళీ పడుతుంది. పడితే పక్కవాడు ఇమామ్ వైపుకి ఒక అడుగు జరిగితే సరి.

గుంటూరు గల్లీ:
చెప్పలేదు కదూ. హనఫీ మస్జిద్. పదిహేనుమంది దాకా, అంతా 8 నుంచి 11 ఏళ్లవాళ్లు. వెనక సఫ్‌లో వేస్తే మోచేతులతో పొడుచుకుని ఒకటే నవ్వులు. ఆలస్యంగా వచ్చిన పెద్దలు వాళ్లను భుజం పట్టి లాగేస్తున్నారు.

బర్కస్ వాలా:
ఇది మొదటే చెప్పాల్సింది. అందర్నీ ఒకచోట వేస్తే అల్లరి తప్పదు. అందుకే పిల్లల అల్లరి భయమున్నచోట పెద్దల మధ్య విడదీసి నిలబెట్టమని హనఫీ ఉలమాలే (పండితులే) అన్నారు. రెండో సఫ్ నుంచి మొదలుపెట్టి ఇద్దరు పెద్దలకి ఒకణ్ణి. ఇమామ్ వెనక మాత్రం పెద్దలే, లుఖ్మా ఇవ్వగలిగిన (ఇమామ్ పఠనంలో తప్పితే అందించగలిగిన) హాఫిజ్ (ఖురాన్ కంఠస్థం వచ్చినవాడు) అక్కడే ఉండాలి, ఇమామ్‌కి వజూ (నమాజ్ కోసం చేసిన శుద్ధి) పోతే ఆయన స్థానంలోకి రాగలిగినవాడూ. తక్బీర్ (నమాజ్ మొదలుపెట్టే ‘అల్లాహు అక్బర్’) అయ్యాక పిల్లాణ్ణి లాగకూడదు. ఆలస్యంగా వచ్చినవాళ్లు వెనక కొత్త సఫ్ కట్టుకోవాలి. ఈ మాట ఇఖామత్‌కి ముందు ఇమామ్ సాబ్ నోటే చెప్పించండి, వలంటీర్ చెబితే వినరు.

గుంటూరు గల్లీ:
సరే, ఈ రాత్రి అలా వేసి చూస్తాం. షుక్రియా.

నెల్లూరు నమాజీ:
డైపర్ సంగతి కూడా ఇమామ్ సాబ్‌తోనే చెప్పించండి. సెల్‌ఫోన్లు కూడా.