మన వివరాలన్నీ మనమే బయటపెట్టేస్తే నిఘా ఓడిపోతుందా? హసన్ ఇలాహీ కళపై చర్చ

రంగులపెట్టె:
తెలియనివాళ్ల కోసం ముందు కథ చెబుతాను. హసన్ ఇలాహీ బంగ్లాదేశ్‌లో పుట్టి న్యూయార్క్‌లో పెరిగిన కళాకారుడు. 2002లో విదేశం నుంచి తిరిగొస్తుంటే డెట్రాయిట్ ఎయిర్‌పోర్టులో ఆపేశారు. ఫ్లోరిడాలోని ఓ స్టోరేజీ గదిలో పేలుడు పదార్థాలు దాచాడని ఎవరో తప్పుడు సమాచారం ఇచ్చారట. 2001 సెప్టెంబరు 12న, అంటే అమెరికాపై ఉగ్రదాడుల మర్నాడు, ఎక్కడున్నావని అడిగితే, తన పీడీఏ (స్మార్ట్‌ఫోన్లకు ముందు వాడిన చేతి డిజిటల్ డైరీ) తీసి చూసి గంటల వారీగా చెప్పాడు. నెలల తరబడి ఎఫ్‌బీఐ విచారణ, తొమ్మిది లై డిటెక్టర్ పరీక్షలు. చివరికి ఏ తప్పూ లేదని తేలింది. ఆ మాట కాగితం మీద రాసివ్వడం మాత్రం కుదరలేదు, ఎందుకంటే అసలు కేసే పెట్టలేదు!

మళ్లీ పట్టుకుంటారేమోనని ప్రతి ప్రయాణానికి ముందు ఎఫ్‌బీఐ ఏజెంటుకు చెప్పి వెళ్లేవాడు. తర్వాత ఆ సమాచారమంతా లోకానికే ఇచ్చేద్దామని ‘ట్రాకింగ్ ట్రాన్సియెన్స్’ వెబ్‌సైటు పెట్టాడు. ఎక్కడున్నాడు, ఏం తిన్నాడు, ఏ మంచం మీద పడుకున్నాడు, ఏ టాయిలెట్‌కి వెళ్లాడు, కార్డుతో ఏం కొన్నాడు, అన్నీ అందులో ఉంటాయి. నా దృష్టిలో ఇది గొప్ప ప్రతిఘటన. నిఘా సంస్థ దగ్గరున్న సమాచారం ఇంకెవరికీ తెలియనంతవరకే దానికి విలువ. ఆ విలువను ఈయన సున్నా చేశాడు.

సర్వర్ రూమ్:
ఒప్పుకోను. మనుషులు కూర్చుని ఒక్కో ఫొటో చూసే రోజుల్లో ఆ లెక్క సరిపోయింది. వేల ఫొటోలు కుమ్మరిస్తే చూసేవాడు అలిసిపోతాడు. ఇప్పుడు చూసేది సాఫ్ట్‌వేర్. దానికి ఎంత ఎక్కువిస్తే అంత బాగా పనిచేస్తుంది. ఇవాళ ఎవరైనా ఇలాహీని అనుసరిస్తే కంపెనీలకు ఉచితంగా పని చేసిపెట్టినట్టే.

గోదారిగట్టు:
ఆ ఫొటోలు చూశారా అండీ? వాటిలో ఆయన ముఖం ఉండదు. ఖాళీ ఎయిర్‌పోర్టులు, ఖాళీ పళ్లేలు, సర్దని పక్కలు. ఇన్ని వివరాలు చూశాక కూడా ఆ మనిషి ఎవరిని ప్రేమిస్తాడో, దేనికి భయపడతాడో ఒక్క ముక్క తెలియదు. ఏది చూపాలో ఆయనే ఎంచుకున్నాడు. ఇంకోటి, తన సైటుకు ఎవరొస్తున్నారో సర్వర్ లాగుల్లో చూసుకుంటే పెంటగాన్ (అమెరికా రక్షణ శాఖ) నుంచి కూడా వచ్చినట్టు కనబడింది. తనను చూసేవాళ్లను తను చూడగలిగాడు. మామూలు మనిషికి ఆ అవకాశం ఎప్పుడు దొరికింది?

కృష్ణలంక:
మీ ముగ్గురూ ఒక సంగతి వదిలేశారు. 2025 జూన్‌లో అమెరికా విదేశాంగ శాఖ స్టూడెంట్ వీసాకు దరఖాస్తు చేసేవాళ్లు తమ సోషల్ మీడియా ఖాతాలను పబ్లిక్‌గా పెట్టాలని చెప్పింది. మన రెండు రాష్ట్రాల నుంచి ఎంతమంది పిల్లలు వెళ్తారో నేను చెప్పక్కర్లేదు. వాళ్లకిది కళా కాదు, ప్రతిఘటనా కాదు. ఇంటర్మీడియట్‌లో పెట్టిన కామెంటు, లైకు కొట్టిన కార్టూను గుర్తొస్తే చాలు, టెన్షన్. ఇలాహీ తన వివరాలు ఇచ్చాడు. వీళ్ల దగ్గర తీసుకుంటున్నారు. ఏ ఫొటో పెట్టాలో ఆయన నిర్ణయించుకున్నాడు, వీళ్లకు ఏది దాచుకోవాలో నిర్ణయించుకునే వీలే లేదు. ఈ తేడా చెప్పకుండా ఆ సైటును మెచ్చుకుంటే మన పిల్లలకు అన్యాయం చేసినట్టే.

గోదారిగట్టు:
కృష్ణలంక గారూ, మీ బాధ నాదీను. కానీ ఆయన మాత్రం ఇష్టపడి మొదలుపెట్టాడా? భయంతోనే కదా ఏజెంటుకు ఫోన్లు చేసింది! ఒక్క ఆఫీసుకు చెప్పుకోవాల్సిన సంజాయిషీని అందరి ముందూ పెట్టి, ఇది ఎంత అసంబద్ధమో చూడండి అన్నాడు. మీరు చెప్పే పిల్లల పరిస్థితిని ఆయనకంటే ముందు చూపించిన కళాకారులు ఎంతమంది?

సర్వర్ రూమ్:
చూపించాడు, కాదనను. తర్వాత ఏం చేయాలన్నదే నా ప్రశ్న. మిమీ ఒనువొహా అనే కళాకారిణి 2016లో ఒక ఫైళ్ల బీరువా పెట్టింది. ఫోల్డర్లన్నీ ఖాళీ. సమాజానికి అవసరమై కూడా ఎవరూ సేకరించని సమాచారం పేర్లు వాటిమీద ఉంటాయి. సొంత వివరం ఒక్కటీ బయటపెట్టకుండా, అధికారంలో ఉన్నవాళ్లు ఏం లెక్కపెట్టడం లేదో అడిగింది. ఏ పోస్టు చూసి ఎంతమందికి వీసా నిరాకరించారన్న లెక్క మనకెక్కడైనా కనబడుతోందా? రంగులపెట్టె గారూ, ఇవాళ కళాకారుడు తన పళ్లెం ఫొటో పెట్టాలా, ఆ లెక్క అడగాలా? మీరే చెప్పండి.