బరంపురం నుంచి హైదరాబాద్‌కి కాపురం: నెలన్నరే ఉంది, ఏది ముందు?

గిరిరోడ్డు:
ఆగస్టు నెలాఖరుకి మేమిద్దరం బరంపురం ఖాళీ చేసి హైదరాబాద్‌లో దిగాలి. సెప్టెంబరు 1న ఇద్దరమూ అక్కడ ఉద్యోగాల్లో చేరాలి. అంతవరకూ ఇక్కడి ఆఫీసులు తప్పవు, ఆదివారం తప్ప తీరిక లేదు. ఆషాఢంలో సామాను గడప దాటకూడదని పెద్దవాళ్ళ మాట. కాబట్టి బండి ఎక్కించేది శ్రావణంలోనే.

గాంధీనగర్‌లో రెండు గదుల అద్దె ఇల్లు. ఫ్రిజ్, ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషిన్, ఒకటిన్నర టన్ను స్ప్లిట్ ఏసీ, ఇన్వర్టర్, దాని బ్యాటరీ, మంచం, రెండు బీరువాలు, రెండు గ్యాస్ సిలిండర్లు ఉన్నాయి. ఓడీ 07 (ఒడిశా) నంబరు స్కూటర్ కూడా ఉంది. దాని లోను తీరిపోయింది గానీ ఆర్సీలో బ్యాంకు పేరు ఇంకా అలాగే ఉంది. ఇవి కాక ఆవకాయ జాడీలు, పట్టుచీరలు.

ఏ పని ముందు పెట్టుకోవాలి? స్కూటర్ రైల్లో వేయాలా, లారీలోనా? గ్యాస్ ఇచ్చేశాక చివరి రోజుల్లో వంట ఎలా? తెలిసినవాళ్ళు చెప్పండి.

ఛత్రపురం ఫైలు:
సామాను గురించి ఇప్పుడే బెంగ వద్దండి. అట్టపెట్టెలు వారం రోజుల్లో సర్దేయొచ్చు. ఇక్కడి ఆఫీసే ఇవ్వాల్సిన కాయితాలు మిగిలిపోతే మాత్రం ఒక్కోదానికీ సెలవు పెట్టి రైలెక్కి రావాలి. మీ లెక్కలో అలాంటివి ముఖ్యంగా రెండు: స్కూటర్, గ్యాస్. అందులోనూ స్కూటర్ ముందు.

వేరే రాష్ట్రంలో బండి 12 నెలలు దాటి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలని మోటారు వాహనాల చట్టం 47వ సెక్షను. అంటే మీ ఓడీ బండికి టీజీ (తెలంగాణ) నంబరు రావాలి, దానికి, తమకి అభ్యంతరం లేదని ఇక్కడి ఆర్టీవో ఇచ్చే ఎన్‌వోసీ కావాలి. ఆర్సీలో బ్యాంకు పేరుంటే బ్యాంకు ఒప్పుకోలు లేకుండా ఆ ఎన్‌వోసీ రాదు. లోను ఎలాగూ తీరింది గనక ఆ పేరు తీయించేయడమే మేలు. లోను తీరినట్టు ఉత్తరం, ఆర్సీలో బ్యాంకు పేరు తీయించడానికి సంతకమూ ముద్రా ఉన్న ఫారం 35 బ్యాంకు నుంచి ఈ వారంలోనే తెచ్చుకోండి. వాటిలో మీ పేరు, ఛాసిస్ నంబరు ఆర్సీలో ఉన్నట్టే ఉన్నాయో లేదో అక్షరం అక్షరం కౌంటరు దగ్గరే చూసుకోవాలి. ఇంటిపేరు ఒకచోట పొడవుగా, ఒకచోట పొడి అక్షరంతో ఉంటే ఫైలు తిరిగొస్తుంది. మన తెలుగువాళ్ళ ఇంటిపేర్లతో ఒడిశా ఆఫీసుల్లో ఎప్పుడూ ఉండే తంటానే ఇది.

బ్యాంకు పేరు పోయాక రవాణా శాఖ వాళ్ళ పరివాహన్ సైటులో ఎన్‌వోసీకి పెట్టండి. ఫారం 28, ఆర్సీ, గడువున్న ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్ ఉండాలి. ఛాసిస్ నంబరు మీద కాయితం పెట్టి పెన్సిల్ రుద్ది అచ్చు తీయాలి. ముందు తుప్పూ మట్టీ తుడవండి, లేకపోతే అంకెలు తేలవు. చలానా బాకీ ఒక్కటున్నా పని ఆగిపోతుంది.

చాలామంది చూసుకోని సంగతి ఒకటుంది. ఎన్‌వోసీ మీద ఏ ఆర్టీవోకి వెళ్తుందో రాస్తారు. హైదరాబాద్ అంటే ఒక ఆఫీసు కాదు. ఖైరతాబాద్ వేరు, ఉప్పల్ వేరు, కొండాపూర్ వేరు. కాబట్టి అక్కడ ఏ పేటలో ఉంటారో ముందు తేల్చుకోండి. దరఖాస్తు తీసుకున్న 30 రోజుల్లో ఇవ్వడమో కాదనడమో చేయాలని 48వ సెక్షను చెబుతుంది. మీ నెలన్నరలో ఆ నెల పోతే మిగిలేది రెండు వారాలే, అందుకే ఇంత తొందర.

తెలంగాణలో బండి వయసును బట్టి లైఫ్ ట్యాక్స్ కట్టించుకుంటారు. కొత్త ఆర్సీ చేతికొచ్చాక, ఇక్కడ ముందే కట్టిన పన్నులో మిగిలిన కాలానిది వాపసు అడగొచ్చు. ఒడిశా పన్ను రసీదు మాత్రం పారేయకండి.

ఓటరు కార్డు, ఆధార్ చిరునామా తర్వాత అక్కడినుంచే మార్చుకోవచ్చు. ఓటుకి ఇల్లు మారితే ఫారం 8. ఫారం 6 కొత్త ఓటర్లకి.

రుషికుల్య:
గ్యాస్ సంగతి నేను చెప్తాను.

సిలిండర్లు హైదరాబాద్ మోసుకెళ్ళేవి కావు. రెండు సిలిండర్లూ రెగ్యులేటరూ ఏజెన్సీకి అప్పగిస్తే టెర్మినేషన్ వోచర్ ఇస్తారు, డిపాజిట్ వెనక్కిస్తారు. అక్కడ కొత్త ఏజెన్సీలో ఆ వోచర్ చూపించి, ఇప్పటి రేటుకి డిపాజిట్ కట్టాలి. మీ పాత గ్యాస్ కనెక్షన్ 2022 జూన్‌కి ముందుదైతే వెనక్కొచ్చేది అప్పట్లో కట్టినంతే. 2022 జూన్‌లో సిలిండర్ డిపాజిట్ 1450 నుంచి 2200కి, రెగ్యులేటర్‌ది 150 నుంచి 250కి పెరిగింది. మీరు 1450, 150 చొప్పున కట్టి ఉంటే రెండు సిలిండర్లూ రెగ్యులేటరూ కలిపి 1600 చేతినుంచి పడుతుంది. మొదట ఇచ్చిన సబ్‌స్క్రిప్షన్ వోచర్ ఇప్పుడే వెతకండి. అది లేకపోతే అఫిడవిట్ అంటారు, ఇంకో రోజు పోతుంది. స్టవ్వు, రబ్బరు గొట్టం మీవే.

సిలిండర్‌లో మిగిలిన గ్యాస్‌కి పైసా రాదు. అందుకే ఇప్పటినుంచే లెక్క పెట్టుకోండి. ఇద్దరికి 14.2 కిలోల సిలిండర్ నెలన్నర పైనే వస్తుంది. రెండోది నిండుగా ఉంటే ఇక బుక్ చేయొద్దు. బయల్దేరడానికి నాలుగైదు రోజుల ముందు రెండూ అప్పగించేయండి. ఆఖరి రోజుకి పెట్టుకుంటే ఆ రోజే ఏజెన్సీ సెలవవుతుంది.

ఆ నాలుగు రోజులూ ఇండక్షన్ పొయ్యి. అడుగు చదునుగా ఉండి అయస్కాంతం అతుక్కునే గిన్నె కావాలి, మామూలు అల్యూమినియం కుక్కర్ పనికిరాదు. కరెంటు పోతే ఇన్వర్టర్ మీద నడపాలని చూడొద్దు, ఇళ్ళలో పెట్టే ఇన్వర్టర్ అంత లోడు లాగదు. విడిగా ఉంచుకోవాల్సినవి: ఒక కుక్కర్, ఒక మూకుడు, రెండు కంచాలు, రెండు గ్లాసులు, గరిటె, చాకు. మిగతా వంటిల్లంతా కట్టేయొచ్చు.

సరుకులు మూడు వారాల ముందునుంచే తగ్గించండి. పప్పులు, పిండి, నూనె కొత్తవి కొనకుండా ఉన్నవే ఒక్కోటీ ఖాళీ చేస్తూ రండి. విప్పిన నూనె ప్యాకెట్ లారీలో పెట్టారంటే పక్కనున్న బట్టలన్నీ పోయినట్టే.

పాత బస్టాండు:
స్కూటర్ రైల్లో వద్దండి. బరంపురం నడిమధ్య స్టేషను. ఫలక్‌నుమా, కోణార్క్, ఈస్ట్ కోస్ట్ ఏవైనా ఇక్కడ ఆగేది కొన్ని నిమిషాలే. సామాన్ల పెట్టె అప్పటికే నిండి ఉంటే మీ బండి ప్లాట్‌ఫారం మీదే ఉండిపోతుంది, తర్వాతి రైలు దాకా ఆగాలి. అక్కడికి చేరాక విడిపించుకోవడం ఆలస్యమైతే గంటకింత అని అదనపు రుసుము. రైలు మొదలయ్యే స్టేషను నుంచైతే అదీ మంచిదే. మీకు ఎలాగూ లారీ వస్తోంది, అందులోనే వేయండి. పెట్రోలు పూర్తిగా తీసేసి, సెంటర్ స్టాండు మీద నిలబెట్టి, తాడు హ్యాండిల్‌కి కాకుండా కింద ఫ్రేముకి కట్టించండి. హ్యాండిల్‌కి కడితే 800 కిలోమీటర్లకి పైగా కుదుపుకి స్టీరింగ్ బేరింగు పాడవుతుంది.

మీ సామానుకి 14 అడుగుల లారీ సరిపోతుంది. టాటా ఏస్ చాలదు. అడగాల్సిన మొదటి మాట: ఇదే లారీ ఇంటినుంచి ఇంటికి వస్తుందా, దారిలో గోడౌన్‌లో దించి ఇంకో బండిలోకి ఎక్కిస్తారా? చవక రేటు చెప్పారంటే చాలాసార్లు ఈ రెండోదే. ఎక్కించి దించిన ప్రతిసారీ ఏదో ఒకటి విరుగుతుంది. బిల్టీ (లారీవాళ్ళిచ్చే రసీదు) మీద లారీ నంబరు రాయించండి.

రెండు రాష్ట్రాల సరిహద్దులు దాటాలి కదా అని 'బోర్డర్ ట్యాక్స్' పేరుతో డబ్బడిగితే ఇవ్వక్కర్లేదు. 2017లో జీఎస్టీతో రాష్ట్రాల మధ్య పన్ను చెక్‌పోస్టులు ఎత్తేశారు. వాడిన ఇంటి సామానుకి ఈ-వే బిల్లు (సరుకు రవాణాకి జీఎస్టీ కింద తీసే పత్రం) కూడా అక్కర్లేదు. సామాను జాబితా మీద 'వాడిన ఇంటి సామాను, అమ్మకానికి కాదు' అని రాసి సంతకం చేసి ఒకటి డ్రైవరుకివ్వండి, ఒకటి మీ దగ్గరుంచుకోండి. ఇన్సూరెన్సు అని నూటికి ఇంత తీసుకుంటే, మీ పేరు మీద పాలసీ నంబరు చూపించమనండి. చూపించలేకపోతే అది ఇన్సూరెన్సు కాదు, వాళ్ళ లాభం.

ఇక యంత్రాలు. వాషింగ్ మెషిన్ కొత్తగా వచ్చినప్పుడు వెనక డ్రమ్మును పట్టి ఉంచే బోల్టులు తీసి ఇచ్చి ఉంటారు. అవి వెతకండి. అవి బిగించకుండా పంపితే డ్రమ్ము ఊగి షాకర్లు, బేరింగులు పోతాయి. దొరక్కపోతే సర్వీసు సెంటరులో మోడల్ నంబరు చెప్పి ఇప్పుడే తెప్పించుకోండి. ఫ్రిజ్ ఒక రోజు ముందు ఆపి తలుపు తెరిచి, మంచు కరిగించి తుడిచి ఆరబెట్టాలి. తడి ఉండగా మూస్తే రెండ్రోజుల్లో బూజు. నిలువుగానే ఎక్కించండి. తప్పక వంచితే అక్కడికెళ్ళాక కొన్ని గంటలు నిలబెట్టే స్విచ్ వేయాలి, కంప్రెసర్ నూనె దిగాలి.

ఏసీ తీసేటప్పుడు మెకానిక్కు గ్యాస్ వదిలేస్తానంటే ఒప్పుకోకండి. ఏసీ కూల్‌లో నడుస్తుండగా సన్న గొట్టం వాల్వు ముందు మూయాలి, గ్యాసంతా బయటి యూనిట్లోకి చేరాక లావు గొట్టం వాల్వు మూసి వెంటనే ఆపేయాలి. గేజి పెట్టి చేసేవాడినే పిలవండి. జాయింటు వదులుగా ఉండి గాలి లోపలికి పీల్చినా, అవసరానికి మించి నడిపినా కంప్రెసర్ పేలిన సందర్భాలున్నాయి. అక్కడ బిగించేటప్పుడు గొట్టాల్లో గాలి తీసే వాక్యూమ్ పంపు పెట్టకుండా గ్యాస్ వదలనివ్వొద్దు.

ఇన్వర్టర్‌ది ట్యూబ్యులర్ బ్యాటరీ అయితే 50 కిలోల పైన ఉంటుంది. నిలువుగా, లారీ నేల మీద, డ్రైవరు వైపు గోడకి ఆనించి కట్టించండి. టెర్మినళ్ళకి టేపు. పక్కన బట్టల మూట ఉండకూడదు, ఒక్క చుక్క యాసిడ్ చాలు.

గిరిరోడ్డు:
బ్యాంకుకి రేపే వెళ్తాం. బోల్టులు అటక మీద పాత పెట్టెలో దొరికాయి, నాలుగూ ఉన్నాయి! ఇంకొక్కటి: మా రేషన్ కార్డు ఒడిశా రాష్ట్ర పథకానిది. హైదరాబాద్‌లో పనిచేస్తుందా?

ఛత్రపురం ఫైలు:
చేయదండి. ఏ రాష్ట్రంలోనైనా బియ్యం తీసుకునే వీలు జాతీయ ఆహార భద్రత చట్టం కార్డులకే ఉంది. రాష్ట్రం సొంత ఖర్చుతో ఇచ్చే కార్డు రాష్ట్రంలోనే చెల్లుతుంది. అత్తమామలు ఇక్కడే ఉంటూ అదే కార్డులో ఉంటే మీ ఇద్దరి పేర్లు తీయించుకునేముందు ఆలోచించండి, తీసేశాక మళ్ళీ ఎక్కించడం కష్టం. కుల ధ్రువపత్రం అవసరమైతే ఇక్కడి తహసీల్దారు దగ్గరే తీసుకుని వెళ్ళండి.

ఇల్లు అప్పగించే రోజు కరెంటు మీటరు రీడింగు ఇంటి ఓనరు ముందే ఫోటో తీయండి. ఆఖరి బిల్లు మీరు వెళ్ళాక వస్తుంది, గొడవలన్నీ దానిమీదే.

బడాబజార్ అమ్మ:
ఆవకాయ జాడీతో పంపొద్దమ్మా. నిండు జాడీ కుదుపుకి పగిలిందంటే ఆ నూనె ఎక్కడెక్కడికి పాకుతుందో చెప్పలేం. మందమైన ప్లాస్టిక్ డబ్బాల్లోకి మార్చి, పైన ఒక అంగుళం ఖాళీ ఉంచండి, ముక్క మునిగేలా నూనె పోయండి. మూత కింద పల్చటి ప్లాస్టిక్ కాయితం వేసి బిగించి, చుట్టూ టేపు. స్టీలు డబ్బాలో ఉప్పూ పులుపూ ఎక్కువ రోజులుంటే మచ్చ పడుతుంది. ఖాళీ జాడీలు కడిగి ఎండబెట్టి, పాత చీరలు చుట్టి పంపండి.

మన బరంపురం పట్టుచీరలు ప్లాస్టిక్ కవర్లలో పెట్టొద్దు. వర్షాకాలం, లోపల చెమ్మ చేరి జరీ నల్లబడుతుంది. పాత నూలు పంచెలో ఒక్కోటీ చుట్టి, మీతోపాటు రైల్లో పట్టుకెళ్ళే పెట్టెలోనే పెట్టండి. నాఫ్తలీన్ గోళీలు జరీకి తగలకూడదు. అప్పడాలు ఆఖరి వారం కొనండి, అట్టపెట్టెలో నిలువుగా పేర్చి మీ చేతిలోనే ఉంచుకోండి. లారీలో వేస్తే పొడే మిగులుతుంది.

కొత్తింట్లో పాలు పొంగించేనాటికి గ్యాస్ రాదు. చిన్న 5 కిలోల సిలిండర్ చిరునామా రుజువు లేకుండా ఇస్తారు, దిగిన రోజే ఒకటి తెచ్చుకోండి. మీ స్టవ్వు, దాని గొట్టం మాత్రం లారీ అడుగున వేయకుండా తలుపు దగ్గర పెట్టించండి.