“తల్లి చాలు పిల్లకు తప్పదు”: ఇది ఏ చాలు?

హెబ్బాళ అనువాదకురాలు:
పెద్దలకు నమస్కారం. రెండు రోజులుగా ఒక సామెత చెవిలో జోరీగలా తిరుగుతోంది. “తల్లి చాలు పిల్లకు తప్పదు.” బాగేపల్లిలో మా అమ్మమ్మ అనేది. దాని వెనక ఇంకో సగం ఉండేది, “ఏదో ఏదో ఒప్పదు” అని ప్రాస కలిసేది. అదే అందడం లేదు.

ఇప్పుడెందుకంటే, బెంగళూరులో ఒక ఆసుపత్రివాళ్ళు పెద్దపేగు క్యాన్సరు వచ్చినవాళ్ళ ఇళ్ళల్లో అందరి రక్తం తీసుకుని జన్యువులు చూస్తున్నారు. సంతకం పెట్టించే ముందు చదివి వినిపించే పత్రాన్ని తెలుగు చేసే పని నాది. మొదటి పేజీలో ఈ సామెత పెట్టి మురిసిపోయాను. “చాలు అంటే ఏంటి మేడమ్?” అని అక్కడి కుర్ర డాక్టరు అడిగేసరికి నోరు పెగల్లేదు.

మల్లేశ్వరం మాస్టారు:
నాగేటి చాలేనమ్మా, ఇందులో చర్చకేముంది? గీత, వరుస. కన్నడంలో సాలు, తమిళంలో ఉళవుచ్చాల్. రోడ్డు పక్కన వరుసగా చెట్లు నాటిన సాలుమరద తిమ్మక్క పేరులో ఉన్నదీ అదే. తల్లి నడిచిన వరుసలోనే పిల్లా నడుస్తుందని. రెండో సగం అంటూ ఏమీ లేదు, మీ అమ్మమ్మగారు సొంతంగా చేర్చి ఉంటారు.

గొర్రు జడ్డిగం:
మాస్టారు చెప్పింది నిజమే గానీ సగమే చెప్పినారు. మాది కదిరి పక్క. శనిక్కాయ ఇత్తేటప్పుడు మొదటి సాలు మా జేజినాయన ఎవురికీ ఇచ్చేటోడు కాదు. ఆయప్ప గొర్రు తోలుతాంటే జేజి ఎనక నడస్తా జడ్డిగంలో ఇత్తనాలు పోసేది. మొదటి సాలు వంకర పోయిందంటే తక్కినవన్నీ దాన్ని చూసుకునే పోతాయి. మొలక లేసినాక దోవన పొయ్యేవాళ్ళంతా నవ్వుతారు, గుంటక తోలేటప్పుడు మళ్ళీ ఏడుపు. “సాలు తప్పిండాడు” అని ఎద్దునూ అంటాము, మనిషినీ అంటాము. చ పెట్టి రాస్తే నాకిది సామెత మాదిరే లేదు.

జయనగరం నాలుగో బ్లాకు:
అది ఛాయ కదండీ? “తల్లి ఛాయ పిల్లకు తప్పదు.” మా ఇంట్లో అలాగే అనేవారు.

మల్లేశ్వరం మాస్టారు:
అచ్చులో చూపించండి.

జయనగరం నాలుగో బ్లాకు:
మా అత్తగారిని ఎవరూ అచ్చు వేయలేదండీ.

జీనుల గుమాస్తా:
నేను ఈ రంగంలోనే పనిచేస్తాను కాబట్టి ఒక మాట. ‘సరిపోతుంది’ అనే చాలును అందరూ వదిలేశారు. కామా పెట్టి చదవండి: “తల్లి చాలు, పిల్లకు తప్పదు.” లించ్ సిండ్రోమ్ అని, వంశంలో దిగే పేగు క్యాన్సరు ముప్పు ఉంది, దాని నడక అచ్చంగా ఇదే. ఎంఎల్‌హెచ్1, ఎంఎస్‌హెచ్2, ఎంఎస్‌హెచ్6, పీఎంఎస్2 అని నాలుగు జన్యువులున్నాయి. కణం తన డీఎన్‌ఏకి నకలు రాసుకునేటప్పుడు దొర్లే తప్పుల్ని దిద్దడం వాటి పని. మన భాషలో ప్రూఫ్ రీడర్లు. అమ్మ దగ్గర్నుంచి ఒక ప్రతి, నాన్న దగ్గర్నుంచి ఒక ప్రతి వస్తాయి. వాటిలో ఒక్కటి పాడైందొస్తే చాలు, పెద్దపేగుకీ గర్భసంచికీ ముప్పు పెరుగుతుంది.

అదే విల్సన్ వ్యాధిలో తల్లి చాలదు. ఏటీపీ7బి జన్యువు పాడైతే రాగి బయటికి పోక కాలేయంలో పేరుకుంటుంది, కానీ అమ్మా నాన్నా ఇద్దరూ పాడైన ప్రతి ఇస్తేనే జబ్బు. మేనరికాల్లో దాని భయం ఎక్కువ అందుకే. ఇక కాలేయానికి కొవ్వు పట్టడం మరీ తమాషా. 2008లో బయటపడ్డ పీఎన్‌పీఎల్‌ఏ3 జన్యువులోని మార్పు చూడండి. ఆ ప్రొటీనులో 148వ చోట ఐసోలూసిన్ అనే అమైనో ఆమ్లం పోయి మెథియోనిన్ అనేది కూర్చుంటుంది. ఒక ప్రతి ఉంటే కొంత ముప్పు, రెండుంటే ఇంకాస్త. అక్కడ చాలూ లేదు, చాలదూ లేదు, ‘మరికొంచెం’ అంతే.

మల్లేశ్వరం మాస్టారు:
బాబూ, కామాలు మనకు దొరలతో పాటు దిగాయి, సామెత అంతకు ముందుది. పోనీ, మీ లెక్కలో అది పిల్లకు వచ్చే అవకాశం ఎంత?

జీనుల గుమాస్తా:
ప్రతి కాన్పుకీ సగానికి సగం.

మల్లేశ్వరం మాస్టారు:
మరి ‘తప్పదు’ అని ఎలా అంటారు? నాణెం ఎగరేసి బొమ్మ తప్పదంటామా?

జీనుల గుమాస్తా:
ఒప్పుకున్నాను, నా కామా ‘తప్పదు’ దగ్గర బోర్లాపడింది. ఆ మాటకొస్తే పాడైన ప్రతి వచ్చిన వాళ్ళందరికీ క్యాన్సరు రాదు. ఏడాదికో రెండేళ్ళకో కొలనోస్కోపీ, అంటే పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే పరీక్ష, చేయించుకుంటే ముదరకముందే పట్టుకోవచ్చు. పత్రంలో ఆ ముక్క మాత్రం పెద్దక్షరాల్లో వేయించండమ్మా.

బసవనగుడి వైద్యుడు (రిటైర్డు):
అసలు ఈ సామెతలు తల్లినే ఎందుకు పట్టుకుంటాయో చరకం శారీరస్థానం 3వ అధ్యాయం చూస్తే తెలుస్తుంది. గర్భంలో తల్లి వల్ల వచ్చేవాటి జాబితా ఉందక్కడ: చర్మం, రక్తం, మాంసం, కొవ్వు, నాభి, గుండె, క్లోమం, యకృత్తు, ప్లీహం, ఆమాశయం, పక్వాశయం, చిన్నపేగు, పెద్దపేగు... తండ్రి వల్ల వచ్చేవి జుట్టు, గోళ్ళు, పళ్ళు, ఎముకలు వగైరా. అంటే కాలేయం మొదలు పేగుల దాకా మెత్తటి సరుకంతా తల్లి పద్దులోనే. ఈ అమ్మాయి ఆసుపత్రివాళ్ళు వెతికే అవయవాలన్నీ అవే!

అన్నట్టు అక్కడి క్లోమాన్ని ప్యాంక్రియాస్ అనుకుని మురవకండి. ఆ అర్థం బడి పుస్తకాలు ఇచ్చింది.

మల్లేశ్వరం మాస్టారు:
అమరకోశంలో “తిలకం క్లోమ” అని పక్కపక్కనే ఉంటాయి. కుడి ఊపిరితిత్తి అన్నవాళ్ళూ ఉన్నారు. యకృత్తుకైతే పేచీ లేదు, “కాలఖండయకృతీ” అని అమరసింహుడు తేల్చేశాడు.

మదరాసు మేనమామ:
మైలాపూరు నుంచి ఒక మాట. మీరు కాలఖండం దగ్గరే ఉండండి, తమిళులు చేత్తో తాకి పేర్లు పెట్టుకున్నారు. కాలేయం కల్లీరల్, ప్లీహం మణ్ణీరల్, ఊపిరితిత్తి నురైయీరల్. రాయి, మన్ను, నురగ! మనకూ కార్జం ఉంది గానీ దాన్ని మాంసం కొట్టు దాటనివ్వం. అమ్మాయీ, నీ పత్రంలో ‘కాలేయం’ అని రాశావా? మా మేనత్తకి అలాంటిదే చదివి వినిపిస్తే “కాలికేమైందిరా?” అంది.

ఇక అసలు సంగతి. మా ఊళ్ళో సామెత “తాయైప్పోల పిళ్ళై, నూలైప్పోల శేలై”. తల్లిలాగా బిడ్డ, నూలులాగా చీర. ఆ శేలైయే నోళ్ళలో నలిగి మీ చాలు అయిందని ముప్పై ఏళ్ళుగా చెబుతున్నా, ఒక్కరూ వినరు.

మల్లేశ్వరం మాస్టారు:
వినం. శకారం చకారమైందంటే సరే, ఏత్వం ఆత్వం ఎలా అయిందో ఇంకొక్క మాటలో చూపించు. కన్నడంలోనూ ఉంది, “తాయియంతె మగళు, నూలినంతె సీరె”. అక్కడ సీరె చక్కగా సీరెగానే ఉందే!

జీనుల గుమాస్తా:
నూలూ చీరా అన్నారు కాబట్టి చెప్పాలి. లించ్ కథ మొదలైందే బట్టలు కుట్టే ఆవిడతో. 1895లో అమెరికాలో ఆన్ ఆర్బర్ అనే ఊళ్ళో వార్థిన్ అనే పాథాలజిస్టుకి ఆవిడ చెప్పింది, మా ఇంట్లో అందరూ పేగు క్యాన్సరుతోనో గర్భసంచి క్యాన్సరుతోనో పోతారు, నేనూ అలాగే పోతానని. అలాగే పోయింది, గర్భసంచి క్యాన్సరుతో. ఆయన ఆ వంశవృక్షం గీసి 1913లో అచ్చు వేశాడు. ‘జి కుటుంబం’ అంటారు. తప్పిన అక్షరం ఎంఎస్‌హెచ్2లో ఉందని తేలడానికి ఇంకో దాదాపు తొంభై ఏళ్ళు పట్టింది. ఆవిడ మాత్రం సూది పట్టుకుని కూర్చునే చెప్పేసింది.

చింతామణి బస్సు:
ఈ పాదం కైవార తాతయ్య, అదే యోగి నారేయణ, తత్త్వంలో విన్నాను నేను.

మల్లేశ్వరం మాస్టారు:
ఏ తత్త్వం? చివర ఆయన సంతకం లాంటి అమరనారేయణ ముద్ర ఉందా?

చింతామణి బస్సు:
ముద్ర దాకా వినలేదండీ, నా స్టాపు వచ్చేసింది.

గొర్రు జడ్డిగం:
తాతయ్య పేరెత్తినారు, ఇంక నన్ను ఆపబాకండి. గాజుల మలారం మోసుకుని ఊరూరా తిరిగిన మనిషి, తెలుగులోనూ పాడె, కన్నడంలోనూ పాడె. మా అత్త కోలారులో ఆయన తెలుగు కీర్తనలను కన్నడ లిపిలో చదువుకుంటుంది. తెలుగు అక్షరం ఒకటీ రాదు ఆయమ్మకు, తప్పు మాత్రం ఒక్కటీ పోదు.

బసవనగుడి వైద్యుడు (రిటైర్డు):
కన్నడ లిపిలో ‘చాలు’లో ఉన్న మన దంత్య ౘకారం ఎలా రాస్తారు?

గొర్రు జడ్డిగం:
రాయరు, పలుకుతారు.

హెబ్బాళ అనువాదకురాలు:
అందరికీ ధన్యవాదాలు. నిన్న ముసాయిదా పట్టుకుని రక్తం తీసే గదికి వెళ్ళాను. మదనపల్లె నుంచి వచ్చిన ఒకావిడ, పక్కన ఇంటర్ చదివే కూతురు. జబ్బు ఆవిడ భర్తకి, అంతకు ముందు ఆయన తండ్రికి. మొదటి వాక్యం చదివానో లేదో, కూతురి చేతిలోంచి తన చెయ్యి తీసేసుకుని, “నా వల్లనా అమ్మా?” అంది. కాదని చెప్పడానికి పావుగంట పట్టింది. పత్రంలో ఆ సామెత కొట్టేశాను. కాలేయం పక్కన కార్జం అని రాశాను, మేనమామగారి పుణ్యమా అని.

కానీ రెండో సగం నాకింకా కావాలి.

గొర్రు జడ్డిగం:
మా జేజికి ఫోన్ చేసి అడిగినా. “తండ్రి సాలు కొడుక్కు తప్పదు” అనింది. ఒప్పదూ గిప్పదూ ఏం లేదంట.

మల్లేశ్వరం మాస్టారు:
అచ్చులో ఉందా?

హెబ్బాళ అనువాదకురాలు:
మా అమ్మమ్మ ‘ఒప్పదు’ అనే అనేది మాస్టారూ. అది మాత్రం నాకు బాగా గుర్తు.