మొదటి కెమెరా: పాత ఫుల్ ఫ్రేమా, కొత్త ఏపీఎస్-సీనా?

కొత్త క్లిక్కు:
అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ ఫోన్‌తోనే కాలక్షేపం చేశాను. ఇప్పుడు కెమెరా కొందామని. లక్ష దాటకూడదు. రెండు దగ్గర ఆగిపోయాను. ఒకటి సెకండ్ హ్యాండ్ నికాన్ డి 750, దానికి 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్. ఇది ఫుల్ ఫ్రేమ్, అంటే సెన్సార్ (వెలుగు పడే చిప్) పాత 35 ఎంఎం రీలు సైజు. రెండోది నికాన్ జెడ్ 50, దాంతో వచ్చే 16-50, 50-250 కిట్ లెన్సులు. ఇది ఏపీఎస్-సీ, సెన్సార్ అంతకంటే చిన్నది. మాఘంలో మా అక్క పెళ్లి, ముహూర్తం రాత్రి. ఆ తర్వాత వీలున్నప్పుడల్లా నేలపట్టు వెళ్లి గూడబాతుల్ని తీయాలని ఆశ. షాపులో అడిగితే "సెన్సార్ పెద్దదైతే ఫోటో బాగుంటుంది, అంతే" అన్నారు. నిజంగా అంతేనా?

రాత్రి ముహూర్తం:
అంతే తమ్ముడూ. పెళ్లిళ్లు తీయడమే నా పని, అందుకే చెప్తున్నా, కళ్లు మూసుకుని డి 750 తీసుకో. దాని సెన్సార్ 36×24 మిల్లీమీటర్లు. జెడ్ 50ది 23.5×15.7. విస్తీర్ణం లెక్కేస్తే రెండు రెట్ల పైచిలుకు. అపర్చర్ (లెన్స్ రంధ్రం, ఎఫ్ నంబర్ పెరిగే కొద్దీ చిన్నదవుతుంది), షట్టర్ (వెలుగు పడే సమయం) రెండు కెమెరాల్లోనూ ఒకేలా పెట్టినా పెద్ద సెన్సార్ మీద పడే మొత్తం వెలుగు అంత ఎక్కువ, గ్రెయిన్ (ఫోటోలో గరుకుగా కనబడే చుక్కలు) అంత తక్కువ. సరిగ్గా జీలకర్ర-బెల్లం టైముకి వీడియోవాళ్ల లైటు ఆరిపోతే తెలుస్తుంది దాని విలువ. ఇంకోటి, డి 750కి రెండు కార్డ్ స్లాట్లు, జెడ్ 50కి ఒకటే. కార్డు పాడైందని తలంబ్రాలు మళ్లీ పోయించలేం కదా.

లెక్కల మాస్టారు:
"అపర్చర్ ఒకేలా పెట్టినా" అన్నారు చూశారా, మెలికంతా అక్కడే ఉంది. ఫుల్ ఫ్రేమ్ మీద 50 ఎంఎం ఎఫ్ 2.8, ఏపీఎస్-సీ మీద 35 ఎంఎం ఎఫ్ 1.8 పెట్టి ఒకే చోట నిలబడి తీయండి. ఫ్రేములో పట్టేది దాదాపు ఒకటే. షట్టర్ కూడా ఒకటే ఉంచి, మొదటిదానికి ఐఎస్ఓ (ఫోటోని ఎంత ప్రకాశవంతం చేయాలో చెప్పే సెట్టింగ్) 1600, రెండోదానికి 700 దగ్గర పెట్టండి. వెనకాల మసక, గ్రెయిన్ రెండూ పక్కపక్కన పెట్టి చూసినా తేడా పట్టుకోవడం కష్టం. ఎందుకంటే 50ని 2.8తో భాగిస్తే సుమారు 18, 35ని 1.8తో భాగిస్తే 19. అంటే వెలుగు లోపలికి వచ్చే రంధ్రం వ్యాసం రెండిట్లోనూ ఇంచుమించు అంతే. పెద్ద సెన్సార్ కొని దానికి తగ్గ పెద్ద రంధ్రం ఉన్న లెన్స్ కొనకపోతే ఒరిగేది తక్కువ. ఫుల్ ఫ్రేమ్‌కి ఎఫ్ 4 జూమ్, ఏపీఎస్-సీకి ఎఫ్ 2.8 జూమ్ తగిలిస్తే వెలుగు విషయంలో ఇద్దరూ సమానమే.

రీలు రోజులు:
మాస్టారూ, మీరు పిల్లాణ్ని తికమక పెడుతున్నారు. ఎఫ్ 1.8 ఎక్కడైనా ఎఫ్ 1.8 ఏ. మా రోజుల్లో లైట్ మీటర్ ఎఫ్ 4, 1/60 చూపిస్తే 35 ఎంఎం రీలుకైనా అదే, అంతకంటే వెడల్పైన 120 రీలుకైనా అదే. సైజు మారిందని మీటర్‌ని ఎవరూ మళ్లీ అడగలేదు.

లెక్కల మాస్టారు:
ఎక్స్‌పోజర్ వరకు మీ మాటే రైట్, నాకూ అభ్యంతరం లేదు. మీటర్ చెప్పేది ఒక్కో చదరపు మిల్లీమీటరు మీద ఎంత వెలుగు పడుతుందో. అందుకే రెండు ఫోటోలూ ఒకే బ్రైట్‌నెస్‌తో వస్తాయి. కానీ మనం చూసేది చదరపు మిల్లీమీటరుని కాదు, మొత్తం ఫోటోని. బరువు మోస్తూ, రీలుకి పది పన్నెండు ఫోటోలే వస్తున్నా మీరు 120 రీలు ఎందుకు వాడారు? అదే సైజు ప్రింటులో గ్రెయిన్ సన్నగా కనబడుతుందనేగా! నేను చెప్పేదీ అదే.

రీలు రోజులు:
గ్రెయిన్ సంగతైతే సరే. కానీ ఫుల్ ఫ్రేమ్ ఏపీఎస్-సీ కన్నా 1.5 రెట్లు వెడల్పని, కొత్తవాళ్లకి లెన్స్ ఎంఎంతో పాటు ఎఫ్ నంబర్‌ని కూడా 1.5తో గుణించమని నేర్పితే మాత్రం ఎక్స్‌పోజర్ ఎప్పటికీ రాదు. ఆ మాట మీద ఉంటాను.

కొల్లేరు కొంగ:
పక్షుల మాటే ఎవరూ ఎత్తలేదు. డి 750, 50 ఎంఎం పట్టుకుని నేలపట్టు వెళ్తే, నీళ్ల మధ్య చెట్ల మీద ఉండే గూడబాతు ఫోటోలో తెల్ల చుక్క. దానికి నికాన్ 200-500 లాంటిది కావాలి, అదొక్కటే 2.3 కిలోలు, ధర అడగొద్దు.

జెడ్ 50లో 250 ఎంఎం "375 అవుతుంది" అని షాపుల్లో అంటారు. అవ్వదు, లెన్స్ 250 ఏ. అట్టు గుండ్రంగా వేసి మధ్యలోంచి చిన్న నలుచదరపు ముక్క కోస్తే అట్టు పెద్దదవుతుందా? అసలు లాభం వేరే ఉంది. డి 750లో ఉన్నవి 24 మెగాపిక్సెళ్లు. ఏపీఎస్-సీ అంత ముక్క కోస్తే మిగిలేవి 10. జెడ్ 50లో అదే ముక్కలో దాదాపు 21 ఉన్నాయి. ఒకే లెన్స్‌తో తీస్తే పిట్ట ఈక మీద రెట్టింపు పిక్సెళ్లు పడతాయి. ఇది సెన్సార్ చిన్నదవడం వల్ల కాదు, పిక్సెళ్లు దగ్గర దగ్గరగా ఉండటం వల్ల. 45.7 మెగాపిక్సెళ్ల డి 850లో అదే ముక్క కోస్తే 19 మిగులుతాయి, అక్కడ ఈ తేడా కనబడదు.

జేబులో కెమెరా:
మధ్యలో వస్తున్నా. 1 అంగుళం సెన్సార్ ఫోన్లలోనే వచ్చేసింది కదా, షావోమీ 12ఎస్ అల్ట్రా 2022లోనే. ఇంక ఈ గొడవ ఎందుకు?

లెక్కల మాస్టారు:
ఆ అంగుళం పాత టీవీ కెమెరా ట్యూబుల నాటి కొలత. సెన్సార్ నిజంగా 13.2×8.8 మిల్లీమీటర్లే. ఏపీఎస్-సీ దానికి మూడు రెట్లు.

కొత్త క్లిక్కు:
కొంచెం కొంచెం అర్థమవుతోంది. అయితే జెడ్ 50 కిట్ లెన్స్‌తో పెళ్లి తీసేయొచ్చా?

లెక్కల మాస్టారు:
రాత్రి పెళ్లా? వద్దు. ఆ 16-50 లెన్స్ 50 దగ్గర ఎఫ్ 6.3, అంటే రంధ్రం 8 మిల్లీమీటర్లు. డి 750 మీద 50 ఎఫ్ 1.8 రంధ్రం 28. ఒకే చోట నిలబడి మీ అక్క ముఖం తీస్తే, ఆ ముఖం నుంచి లోపలికి వచ్చే వెలుగులో తేడా 12 రెట్లు! ఇక్కడ అందరూ కొట్టుకుంటున్న సెన్సార్ తేడా రెండు చిల్లర. రాత్రి ముహూర్తం గారు తన కెమెరాని మెచ్చుకుంటున్నారు గానీ, అందులో ఎక్కువ భాగం పని చేస్తున్నది ఆ లెన్సే.

నా సలహా: జెడ్ 50 తీసుకోండి, కిట్‌కి తోడు 40 ఎంఎం ఎఫ్ 2 లెన్స్ ఒకటి చేర్చండి. రంధ్రం 20 మిల్లీమీటర్లు, బరువు 170 గ్రాములు. డి 750 కంటే ఒక స్టాపు (అంటే వెలుగు సగం) వెనకబడతారు, అంతే. బడ్జెట్ సరిపోకపోతే 50-250 తర్వాత కొనుక్కోండి, గూడబాతులు మాఘం దాటాక కూడా కొన్నాళ్లు ఉంటాయి.

రాత్రి ముహూర్తం:
ఆ ఒక స్టాపుకే మేం డబ్బులు పోస్తాం మాస్టారూ! ఐఎస్ఓ 3200లో దొరికే షాట్ 6400కి వెళ్తే పట్టుచీర జరీ ముద్దగా కనబడుతుంది.

లెక్కల మాస్టారు:
వధువు ఒక్కదాన్నీ తీసేటప్పుడు ఒప్పుకుంటా. మరి బంధువులు మూడు వరుసల్లో నిలబడే గ్రూప్ ఫోటోకి? వెనక వరుసలో పెదనాన్న ముఖం కూడా షార్ప్‌గా రావాలంటే మీరు ఎఫ్ 8కి వెళ్లాలి. ఏపీఎస్-సీ వాడికి ఎఫ్ 5.6 చాలు. మీ స్టాపు అక్కడే ఖర్చయిపోయింది.

రాత్రి ముహూర్తం:
గ్రూప్ ఫోటోకి ఫ్లాష్ ఉంటుంది, ఫోన్ అయినా చాలు. దాన్ని చూసి కెమెరా కొంటారా ఎవరైనా?

కొత్త క్లిక్కు:
జెడ్ 50, 40 ఎఫ్ 2 ఖాయం చేశాను. 50-250 కూడా కిట్‌తోనే తీసుకుంటున్నా, డబ్బు కొంచెం దాటినా ఫర్వాలేదు. పెళ్లి మొత్తం నేనే తీస్తానని ఇంట్లో చెప్పేశాను.

రాత్రి ముహూర్తం:
కెమెరా నీ ఇష్టం తమ్ముడూ, పెళ్లికి మాత్రం ఇంకొకళ్లని మాట్లాడుకోండి. మీ ఇంట్లో కాశీయాత్ర తంతు ఉందంటే, గొడుగేసుకుని బయల్దేరిన పెళ్లికొడుకుని గడ్డం పట్టుకుని బతిమాలి వెనక్కి తేవాల్సింది బావమరిదివి నువ్వే. ఆ ఫోటో ఎవరు తీస్తారు?