పాత మారుతీ 800కి స్పార్క్ ప్లగ్గులు: ఏ నంబరు వేయాలి, ఇంట్లో మార్చుకోవచ్చా?

పటమట 800
అందరికీ నమస్కారం. మా నాన్నగారు 1997లో కొన్న 800 ఇప్పటికీ నేనే నడుపుతున్నాను. కార్బొరేటర్ బండి. రోజూ విజయవాడలో పటమట నుంచి గవర్నర్‌పేట, వారానికోసారి గుంటూరు. నెల రోజుల నుంచి పొద్దున్నే చోక్ లాగినా నాలుగైదు సెల్ఫులు కొడితే గానీ అందుకోవట్లేదు. కాజా టోల్‌గేట్ దగ్గర ఆగి మళ్లీ స్పీడు అందుకునేటప్పుడు కుదుపులు. మైలేజీ 17 నుంచి 13కి పడిపోయింది.

ఆదివారం ధైర్యం చేసి ప్లగ్గులు విప్పాను. రెండింటి మీద బీపీఆర్6ఈఎస్ అని ఉంది, మిగిలిన దాని మీద బీపీఆర్5ఈఎస్. ఎవరు ఎప్పుడు వేశారో తెలియదు. బండితో వచ్చిన పుస్తకం చెదలు తినేశాయి. అడగాల్సినవి నాలుగు: నంబరు 5 వేయాలా 6 వేయాలా? ఇరిడియం లోహపు కొన ఉన్న ప్లగ్గులు వేస్తే ఉపయోగం ఉందా? ఎన్ని కిలోమీటర్లకు మార్చాలి? డూప్లికేట్ ప్లగ్ ఎలా గుర్తుపట్టాలి?

బ్రాడీపేట జెన్
నంబరు సంగతి తర్వాత. విప్పినప్పుడు ఇంజిన్ చల్లగా ఉందా లేదా, ముందు అది చెప్పండి. నేను పోయిన వేసవిలో విజయవాడ నుంచి వచ్చీ రాగానే నా జెన్ కారుని షెడ్డుకి తీసుకెళ్లాను. బానెట్ మీద చెయ్యి పెట్టలేనంత వేడి. కాసేపు ఆగుదామన్నాను. కుర్రాడు వినలేదు, పానా పెట్టి బలంగా తిప్పేశాడు. ప్లగ్ బయటికి వచ్చింది, దాని మరలకు చుట్టుకుని ఇంజిన్ హెడ్‌లోని అల్యూమినియం కూడా మెరుస్తూ వచ్చింది, కొబ్బరి కోరులాగా. ఆ మెరుపు చూడగానే నాకు కడుపులో తిప్పేసింది. హెడ్ దింపి, లేత్ దగ్గర బోర్ చేయించి, కొత్త మరల కోసం కాయిల్ ఇన్సర్ట్ వేయించేసరికి నాలుగు రోజులు, దాదాపు ఆరు వేలు. ప్లగ్గుల ఖర్చు చూస్తే ఐదొందలు కూడా లేదు.

దయచేసి అందరూ గుర్తు పెట్టుకోండి. అల్యూమినియం హెడ్ అయితే పూర్తిగా చల్లారాకే విప్పాలి. ముందు ప్లగ్ చుట్టూ గాలి కొట్టించాలి, లేకపోతే గుంటలో ఉన్న ఇసుక సిలిండర్‌లోకి పోతుంది. బిగించేటప్పుడు పానాతో మొదలుపెట్టొద్దు. వేళ్లతో చివరిదాకా తిప్పాకే పానా.

ఆటోనగర్ మేస్త్రి
నేను ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ల నుంచి పని చేస్తున్నాను. 800లు ఎన్ని వందలు చేశానో లెక్క లేదు. తమ్ముడూ, 5కీ 6కీ మన ఎండల్లో పెద్ద తేడా ఏం ఉండదు. మూడూ ఒకటే నంబరు వేసుకో, చాలు. ఇరిడియం గిరిడియం ఈ బండికి అక్కర్లేదు. అసలు కిటుకు గ్యాప్‌లో ఉంది, అంటే ప్లగ్ కొనలో మధ్య ముల్లుకీ దాని మీదికి వంగిన పక్క కొమ్మకీ నడుమ ఉండే సందులో. యాక్సా బ్లేడు ముక్క ఒకటి దగ్గర పెట్టుకో. గ్యాప్‌లో బిగుతుగా దూరి, లాగితే కాస్త పట్టినట్టు రావాలి. ముప్పై ఏళ్లు నేను చేసింది అదే. ఒక్క బండీ వెనక్కి రాలేదు.

పాలిటెక్నిక్ సారు
మేస్త్రిగారి అనుభవం మీద గౌరవం ఉంది. కానీ ఈ మాట చదివి పిల్లలు కూడా అదే చేస్తారని రాస్తున్నాను. మామూలు యాక్సా బ్లేడు మందం సుమారు 0.63 మిల్లీమీటర్లు. మా ఇంట్లో ఉన్న 800 పుస్తకంలో గ్యాప్ 0.7 నుంచి 0.8 అని ఉంది. బ్లేడుతో బిగుతుగా పెట్టారంటే కనీస కొలతకే తక్కువ. నిప్పురవ్వ చిన్నదవుతుంది, చల్లటి ఇంజిన్‌లో మిశ్రమం సరిగా అంటుకోదు. పొద్దున్నే స్టార్టింగ్ ట్రబుల్‌కి ఇదే కారణం కావచ్చు. సందు కొలిచే సన్నటి రేకుల ఫీలర్ గేజ్ వంద, నూటయాభై రూపాయలకి వస్తుంది.

రెండో సంగతి, 5కీ 6కీ తేడా లేదనడం సరికాదు. మీ బీపీఆర్ నంబర్లు ఎన్‌జీకే కంపెనీవి. ఎన్‌జీకేలో అంకె పెరిగేకొద్దీ ప్లగ్ చల్లటిది, అంటే వేడిని త్వరగా హెడ్‌లోకి పంపేస్తుంది. బాష్ కంపెనీ ప్లగ్గుల్లో దీనికి పూర్తిగా తిరగేసి, అంకె పెరిగితే వేడి ప్లగ్. ఎన్‌జీకే 5కి సరిసాటి బాష్‌లో 8, 6కి సరిసాటి 7. ఇది తెలియక షాపులో అంకె చూసి మార్చేస్తారు. ప్లగ్ కొన దాదాపు 450 డిగ్రీలు దాటితేనే మసి తనంతట తాను కాలిపోతుంది. పటమట నుంచి గవర్నర్‌పేట వెళ్లే పది నిమిషాల్లో, సిగ్నల్ సిగ్నల్‌కీ ఆగుతూ, 6 నంబరు ప్లగ్ అంత వేడెక్కుతుందా? అందుకే మసి.

ఆటోనగర్ మేస్త్రి
సారూ, బ్లేడు మందం పుస్తకం చూసి చెప్తున్నారు. బిగుతు, వదులు చేతికి తెలుస్తాయి. కాస్త వదులుగా పెడితే ముప్పావు మిల్లీమీటరు అవుతుంది. మా దగ్గరికి ఫీలర్ గేజ్ పట్టుకొచ్చి, ప్లగ్ పింగాణీ పగలగొట్టుకుని వచ్చిన వాళ్లని చూశాను. గ్యాప్ సరిచేయడానికి మధ్య ముల్లు మీద బలం పెడతారు. వంచాల్సింది పక్క కొమ్మని. అది చెప్పండి ముందు.

పాలిటెక్నిక్ సారు
పక్క కొమ్మనే వంచాలి, ఒప్పుకుంటాను. కానీ "బిగుతుగా దూరాలి" అని రాసింది మీరు. ఇప్పుడు "వదులుగా" అంటున్నారు.

ఆటోనగర్ మేస్త్రి
మాట పట్టుకుని లాగకండి. పని చేసేవాడికి అర్థమవుతుంది.

గ్యాస్ కిట్ గొల్లపూడి
ఇద్దరూ కాస్త ఆగండి. మాది ఎల్‌పీజీ కిట్ వేసిన ఓమ్నీ. గ్యాస్‌కి నిప్పు పుట్టాలంటే పెట్రోలు కంటే ఎక్కువ ఓల్టేజ్ కావాలి. అందుకని గ్యాప్ కొద్దిగా తగ్గిస్తారు. నాకు 0.65 దగ్గర పెడితేనే మిస్సింగ్, అంటే మధ్యమధ్యలో నిప్పు అందకపోవడం, ఆగింది. అంటే నా బండికి మేస్త్రిగారి బ్లేడు కొలతే కుదిరింది. మన ఊళ్లో గ్యాస్ మీద నడిచే ఆటోలు ఎన్నో ఉన్నాయి, వాటిని చూసి చూసి ఆయన చెయ్యి అలా అలవాటు పడి ఉంటుంది. పెట్రోలు బండికి మాత్రం సారు చెప్పిందే పాటించండి.

సింగ్‌నగర్ వాసి
ప్లగ్గుల మాట వస్తే నాకు 2024 సెప్టెంబరు 1 గుర్తొస్తుంది. బుడమేరు నీళ్లు మా వీధిలోకి వచ్చాయి, 800లో సీటు దాకా మునిగింది. నీళ్లు తీశాక పక్కింటాయన ఆత్రంగా సెల్ఫ్ కొట్టారు. టక్ మని ఒక్క చప్పుడు, కనెక్టింగ్ రాడ్ వంగిపోయింది. నీళ్లు గాలిలాగా నొక్కితే కుదించుకోవు కదా. నన్ను మా బావ ఫోన్లోనే ఆపాడు. మూడు ప్లగ్గులూ విప్పించి, కాయిల్ వైరు పీకించి, అప్పుడు సెల్ఫ్ కొట్టమన్నాడు. ప్లగ్ రంధ్రాల్లోంచి బురద నీళ్లు బానెట్ దాకా ఎగిరాయి. నాలుగుసార్లు అలా చేశాక గాలి మాత్రమే వచ్చింది. ఆయిలు రెండుసార్లు మార్చాను. బండి బతికింది.

నేను చేసిన తప్పు ఒకటే. ఆ ప్లగ్గులనే ఎండబెట్టి మళ్లీ వేశాను. నెలకే మిస్సింగ్. విప్పి చూస్తే ఇనుప భాగం లోపలంతా తుప్పు. మునిగిన బండిలో పాత ప్లగ్గులు వాడొద్దు.

మంగళగిరి ఆర్ఎక్స్
నాది ఆర్ఎక్స్ 100 బైకు, 1994 మోడల్. టూ స్ట్రోక్ కాబట్టి ఆయిలు కలిసి కాలుతుంది, ప్లగ్ త్వరగా నల్లబడుతుంది. సీటు కింద ఒక ప్లగ్, పానా ఎప్పుడూ ఉంటాయి. నల్లబడితే ఎమరీ పేపర్‌తో రుద్ది, పెట్రోల్లో కడిగి, మళ్లీ వేస్తాను. ఒక్కో ప్లగ్ ఏడాది వస్తోంది. ఊరికే కొత్తవి కొనమని చెప్పకండి.

అప్పట్లో దొరికే మైకో ప్లగ్గుల్లాంటివి ఇప్పుడు లేవు. ఎవరి దగ్గరైనా పాత మైకో సీల్ ప్యాక్ ఉంటే చెప్పండి.

బ్రాడీపేట జెన్
ఎమరీ పేపర్ వద్దండీ బాబూ. ఆ గరుకు పొడి పింగాణీ చుట్టూ ఉండే సందులో చిక్కుకుంటుంది, కడిగినా పోదు. తర్వాత సిలిండర్‌లో పడి గోడల మీద గీతలు పెడుతుంది. ఇరిడియం అయితే అసలు బ్రష్ కూడా తగలకూడదు, దాని ముల్లు అర మిల్లీమీటరు మందం ఉంటుందేమో, విరిగిపోతుంది.

మంగళగిరి ఆర్ఎక్స్
ముప్పై ఏళ్ల బండి నా చేతుల్లో నడుస్తోంది. మీ జెన్ హెడ్ ఊడిందని అందరి చేతులూ కట్టేస్తారా?

బ్రాడీపేట జెన్
ఊడింది కాబట్టే చెప్తున్నా. ఇంకొకరికి ఆ ఆరు వేలు మిగలాలని.

పాలిటెక్నిక్ సారు
మైకో గురించి: అది బాష్‌దే. 1951లో మోటార్ ఇండస్ట్రీస్ కంపెనీ పేరుతో పెట్టారు, 2008లో బాష్ లిమిటెడ్ అని పేరు మార్చారు. మా నాన్నగారి తరం ఇప్పటికీ ఏ ప్లగ్‌నైనా మైకో ప్లగ్ అనే అంటారు. పాత స్టాక్ కోసం వెతకడం కంటే సరైన నంబరు బాష్ తీసుకోండి.

పటమట 800
మీ అందరికీ ధన్యవాదాలు. నా బండి సంగతి మళ్లీ చెప్తాను, ఎవరైనా చూడండి. విప్పినప్పుడు ఇంజిన్ చల్లగానే ఉంది. ఒకటో ప్లగ్, మూడో ప్లగ్ కొనలు లేత ఇటుక రంగులో పొడిగా ఉన్నాయి. అవి రెండూ 6 నంబరువి. రెండో సిలిండర్‌ది, అంటే ఆ 5 నంబరుది, నల్లగా తడిగా ఉంది. సారు చెప్పిన లెక్కన 6 కదా నల్లబడాలి? ఇక్కడ తిరగబడింది.

పాలిటెక్నిక్ సారు
నిజమే. నా అంచనా మీ బండికి సరిపోలేదు. రంగు చూడకుండా నంబరు మీద చెప్పేశాను. తడి ఆయిలా, పెట్రోలా? వేలికి రాసి వాసన చూడండి. ఆయిలు అయితే జిగటగా ఉంటుంది, పొద్దున స్టార్ట్ చేయగానే వెనక నీలం పొగ వస్తుంది, అప్పుడు వాల్వ్ సీల్స్ అనుమానించాలి.

పటమట 800
పెట్రోలు వాసన. జిగట లేదు. నీలం పొగ కూడా లేదు.

ఆటోనగర్ మేస్త్రి
ఇప్పుడు దారిలో పడ్డాం. రెండో సిలిండర్‌కి పెట్రోలు వెళ్తోంది, నిప్పు అందట్లేదు. ప్లగ్ మంచిదో కాదో తేల్చాలంటే ఆ ప్లగ్ తీసి ఒకటో దాంట్లో పెట్టు. జబ్బు ప్లగ్‌తో పాటు ఒకటికి వస్తే ప్లగ్ పోయినట్టు. రెండులోనే ఉండిపోతే వైరు గానీ, ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ క్యాప్ గానీ. రాత్రి షెడ్డులో లైటు ఆర్పి, బానెట్ ఎత్తి, ఇంజిన్ ఆన్‌లో పెట్టి చూడు. వైర్లకి చెయ్యి తగలనివ్వకు. ఎక్కడైనా నీలంగా మెరిసిందంటే దొంగ దొరికినట్టే. వైర్లు పీకేటప్పుడు ఏది ఎక్కడిదో చాక్‌పీస్‌తో గుర్తు పెట్టుకో. ఈ ఇంజిన్‌లో సిలిండర్లు మండే వరుస 1, 3, 2. మారితే స్టార్ట్ కాదు.

గుంటూరు విడిభాగాలు
డూప్లికేట్ గురించి ఒక్క మాట, మా నాన్నగారి కౌంటర్‌లో కూర్చుని నేర్చుకున్నది. అసలు ప్లగ్ పింగాణీ మీద అక్షరాలు గోరుతో గీకినా పోవు. పక్క కొమ్మ సరిగ్గా మధ్య ముల్లు మీదికి వచ్చి ఉంటుంది, ఒక పక్కకి ఒరగదు. వాషర్ ఊడి చేతికి రాకూడదు. ధర సగానికి తగ్గించి ఇస్తున్నారంటే బిల్లు అడగండి, ఇవ్వరు.

సింగ్‌నగర్ వాసి
మా 800కి ఇప్పుడు ఇరవై శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు వల్ల కార్బొరేటర్ పైపులు మెత్తబడుతున్నాయి. ఎవరైనా మార్చారా?

పటమట 800
దొరికింది. రాత్రి ఎనిమిదిన్నరకి లైటు తీసేసి చూశాం. మా అబ్బాయి ముందు చూశాడు. రెండో వైరు మోచెయ్యిలా వంగే చోట, హెడ్‌కి అర అంగుళం ఎడంలో, చిన్న నీలం రవ్వ టిక్కు టిక్కుమని దూకుతోంది. పగలు చూస్తే అక్కడ వెంట్రుకవాసి పగులు, వేలితో వంచితే గానీ కనపడలేదు.

మూడు వైర్లూ, మూడు ప్లగ్గులూ మార్చాను. విడిగా అడిగితే సారు తన పుస్తకంలో నంబరు కూడా 5 అని ఉందని చెప్పారు, బాష్‌లో డబ్ల్యూఆర్8డీసీ తీసుకున్నాను. ఫీలర్ గేజ్‌తో 0.75 పెట్టాను. వేళ్లతో బిగిసేదాకా తిప్పి, ఆపైన పానాతో అర చుట్టు. ఈ పొద్దున ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది. నాన్నగారు వరండాలోంచి లేచి వచ్చి బానెట్ మీద చెయ్యి వేసి కాసేపు నిలబడ్డారు. మైలేజీ గుంటూరు వెళ్లొచ్చాక చెప్తాను.

ఆటోనగర్ మేస్త్రి
సంతోషం తమ్ముడూ. గేజ్‌తోనే పెట్టావు, పోనీలే, బండి బాగుపడింది. క్యాప్ లోపల చూశావా? ఇత్తడి ముక్కల మీద పచ్చగా పట్టి ఉంటే పొడి గుడ్డతో తుడువు. మధ్యలో బొగ్గు ముక్క స్ప్రింగ్ మీద ఆడుతోందో లేదో వేలితో నొక్కి చూడు. అది అరిగితే కొత్త వైర్లు వేసినా ఇదే మళ్లీ వస్తుంది.

పటమట 800
చూడలేదు గురువుగారూ. ఆదివారం విప్పుతాను.