"ఇంకో అమ్మాయిని చూడు, అదే పోతుంది": బెన్వోలియో సలహా మంచిదేనా?

ఘంటస్తంభం:
మా డ్రామా క్లబ్బులో తెగని గొడవ ఇక్కడ పెడుతున్నా. రోమియో అనగానే అందరికీ జూలియట్టే గుర్తొస్తుంది గానీ, షేక్‌స్పియర్ నాటకం మొదట్లో వాడు ఏడుస్తున్నది రోజలైన్ అనే అమ్మాయి కోసం. ఆవిడ ప్రేమ జోలికే పోనని ఒట్టు పెట్టుకుంది, స్టేజీ మీదకి ఒక్కసారీ రాదు. రోమియోకి చుట్టమూ స్నేహితుడూ అయిన బెన్వోలియో ఏమంటాడంటే, కాపులెట్ ఇంటి (జూలియట్ వాళ్లిల్లే, రోమియో వాళ్లకి పగవాళ్లు) విందుకి పోదాం పద, మిగతా అమ్మాయిల పక్కన పెట్టి చూడు, నీ హంస కాకిలా కనిపిస్తుంది అని. నన్నడిగితే చెత్త సలహా. ఆవిడేమైనా సంతలో వంకాయా, పక్కదానితో పోల్చి చూడ్డానికి?

తోటపాలెం కుర్రోడు:
చెత్తేటి? పనిచేసింది కదా! ఆ రాత్రే జూలియట్‌ని చూశాడు, రోజలైన్ గోల వదిలిపోయింది. ముల్లుని ముల్లుతోనే తీయాలని మనవాళ్లూ అంటారు. కుర్రాళ్ల ప్రేమ గుండెలో కాదు, కళ్లలో ఉంటుందని ఆ నాటకంలోనే సన్యాసి లారెన్స్ రోమియోని దెప్పుతాడు. కళ్ల జబ్బుకి కళ్ల మందే.

ఘంటస్తంభం:
మంచి మందే. ఆదివారం రాత్రి విందు, ఆ వారం దాటకుండానే సమాధిలో శవం.

నాగావళి:
ఆ చావు రెండిళ్ల పగ వల్ల, సలహా మీదకి తొయ్యకండి. అలాగని సలహా గొప్పదనీ అనను. డిగ్రీలో నన్ను ఒకమ్మాయి కాదంటే, మా ఫ్రెండు సిరిమాను జాతర రోజు విజయనగరం లాక్కెళ్లాడు, "ఇంతమంది ఉన్నారు, చూడరా" అని. ఎవరి జడ చూసినా ఆ అమ్మాయి జడే. ఆ తోపులాటలో నా చెప్పు తెగిపోతే, వాడు తన చెప్పులు విప్పి నాకిచ్చి బస్టాండు దాకా ఒట్టికాళ్లతో నడిచాడు, ఆ ఎండలో. ఇన్నేళ్లకీ ఆ చెప్పులే గుర్తున్నాయి, ఒక సైజు పెద్దవి. నాటకంలో కూడా అలాంటిదొకటి ఉంది, ఎవరూ పట్టించుకోరు. విందు రోజు తెల్లారకుండానే ఊరికి పడమటి తోపులో రోమియో ఒంటరిగా తిరగడం బెన్వోలియో చూస్తాడు. ఎదురొస్తుంటే వాడు తప్పుకుపోయాడు, ఇతను వెంటపడకుండా వదిలేశాడు. తనకీ ఆ పూట ఎవరూ వద్దనిపించిందట. సలహా కన్నా నాకదే నచ్చింది.

తోటపాలెం కుర్రోడు:
వదిలేస్తే ఇంకా ముదిరేది.

ఘంటస్తంభం:
తోపు సంగతి నేను గమనించలేదు, ఒప్పుకుంటున్నా. కానీ పిలవని పేరంటానికి, అదీ పగవాళ్ల ఇంటికి తీసుకుపోవడం ఏం స్నేహమండీ?